పాత ఇనుముకు ఉల్లిగడ్డలు

నా చేతులతో నేను అమ్మిన మొదటి వస్తువు అడుగు చిల్లుపడిన ఒక ఇనుప పెంక. అప్పుడు నాకు ఏడేళ్లు. మూలన పడి ఉన్న ఆ పెంకను కొట్టులో వేసి రమ్మని నానమ్మ చెబితే, వరంగల్ అండర్ బ్రిడ్జి దగ్గర ఉన్న మా పాత ఇనుప సామాన్ల కొట్టుకు పట్టుకుపోయి నేరుగా తుక్కు కుప్ప మీదికి విసిరేశాను. గల్లా ముందు కూర్చున్న తాత లేచి వచ్చి, ఆ పెంకను కుప్పలోంచి ఏరి తీసి, తరాజులో పెట్టి, కిలో మీద వంద గ్రాములని చిట్టాలో రాసి, రూపాయి ముప్పై పైసలు నా చేతిలో పెట్టాడు. "తూకం ఎయ్యని ఇనుము కొట్ల పడొద్దు బిడ్డా, అది మనింటిదైనా సరే" అన్నాడు. ఆ డబ్బులతో ఏం కొనుక్కున్నానో ఇప్పుడు గుర్తులేదు గాని, ఆ చిట్టా పుస్తకంలో నా పేరు రాసి ఉన్న పేజీ ఈనాటికీ నా దగ్గర ఉంది.

తాత ఈ వ్యాపారాన్ని 1960లలో ఒక పాత సైకిలుతో మొదలుపెట్టాడు. అంతకుముందు కాజీపేట స్టేషన్‌లో హమాలీ పని చేసేవాడు. సైకిలు వెనక ఒక గంప కట్టి, దాన్నిండా ఉల్లిగడ్డలు పోసుకుని, తెల్లవారకముందే బయలుదేరి వర్ధన్నపేట వైపో, పర్వతగిరి వైపో, పరకాల వైపో పోయేవాడు. "పాత ఇనుముకు ఉల్లిగడ్డలో" అని ఆయన వాడ చివర కేక వేస్తే చాలు, ఇళ్లలోంచి పిల్లలు విరిగిన కొడవళ్లూ, అరిగిపోయిన నాగలి కర్రులూ, చిల్లుపడిన బొక్కెనలూ పట్టుకుని పరుగెత్తుకొచ్చేవారట. పొద్దు గూకే వేళకు గంపలో ఉల్లిగడ్డలు పోయి ఇనుము వచ్చేది. నిండు గంపతో తొక్కలేక చాలాసార్లు సైకిలును నడిపించుకునే వరంగల్ దాకా వచ్చేవాడని నానమ్మ చెప్పేది. ఆజంజాహీ మిల్లు సైరన్ మోగే వేళకు ఆయన ఇల్లు చేరకపోతే ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడేదట. 1934లో కట్టిన ఆ మిల్లు సైరనే అప్పట్లో మా వాడలన్నిటికీ గడియారం.

పదేళ్ల తరువాత కొట్టు వచ్చింది, కొట్టు వెనక నాలుగు గుంటల ఖాళీ జాగా వచ్చింది. నేను పెరిగింది ఆ జాగాలోనే. ఊళ్లలో ఏం మారుతున్నదో మాకు అందరికంటే ముందు తెలిసేదని నేను నమ్మకంగా చెప్పగలను, ఎందుకంటే పల్లె దేనిని వదిలేసుకుంటే అది నేరుగా మా కుప్ప మీదికి వచ్చేది. నా చిన్నప్పుడు తోలు తొండాలు ఊడిపోయిన మోట బొక్కెనలు బండ్లకొద్దీ వచ్చేవి. మోటలు ఆగిపోయి బావుల మీద ఆయిల్ ఇంజిన్లు, ఆ తరువాత కరెంటు మోటార్లు బిగిస్తున్న కాలం అది. కొన్నేళ్లకు ఆయిల్ ఇంజిన్లే తుక్కుగా వచ్చాయి. ఎడ్లబండి చక్రాల ఇనుప పట్టాలు అంతకంతకూ పెరిగాయి, అంటే ఊళ్లోకి ట్రాక్టరు వచ్చిందన్న మాట. 1990లు వచ్చేసరికి బావులు ఎండిపోయి బోర్లు పడ్డాయి, తక్కువ వోల్టేజీకి కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు వరుసగా రావడం మొదలైంది. ఇక రీవైండింగ్‌కు కూడా పనికిరాదని మెకానిక్ తేల్చేసిన మోటారును భుజాన వేసుకుని వచ్చిన రైతుకు తాత ముందు చాయ్ తెప్పించేవాడు. తూకం ఆ తరువాతే. ఆ మనుషుల ముఖాలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. ఎండాకాలంలో కాలిన మోటారు అమ్ముకున్నవాడి చేను ఏమైందోనని అడిగే ధైర్యం మాలో ఎవరికీ ఉండేది కాదు.

తాతకు బడి చదువు లేదు గాని ఇనుము చదవడం వచ్చు. కొట్టు వాకిలి పక్కన రాతి అరుగు మీద చేత్తో తిప్పే సాన ఒకటి ఉండేది. ఏదైనా ముక్క మీద అనుమానం వస్తే దాన్ని సానకు ఆనించి, నన్ను చక్రం తిప్పమనేవాడు. మెత్తటి ఇనుమైతే లేత పసుపు రంగు నిప్పురవ్వలు పొడుగ్గా, గీతల్లాగా చిమ్ముతాయి. రంపపు బ్లేడు, బండి స్ప్రింగుపట్టీ వంటి గట్టి ఉక్కు అయితే ప్రతి రవ్వా చివర పువ్వులా పగిలి చుక్కలు చుక్కలుగా విచ్చుకుంటుంది. బీడు, అంటే పోత ఇనుము, అయితే రవ్వలు ఎర్రగా, పొట్టిగా, రాతిని అంటిపెట్టుకునే ఆరిపోతాయి. సాన దాకా పోనవసరం లేకుండా సుత్తితో ఒక్క దెబ్బ వేసి చెవితోనే తేల్చేవాడు కూడా. ఉక్కు ఖంగున మోగుతుంది, బీడు దబ్బున ఆగిపోతుంది. "ఏం సప్పుడొచ్చింది?" అని నన్ను అడిగేవాడు. నేను తప్పు చెబితే కోప్పడకుండా మళ్లీ కొట్టేవాడు. ఇత్తడి, రాగి, సత్తు, రేకు, బీడు, గట్టి ఉక్కు, మెత్తటి ఇనుము — ఒక్కోదానికి ఒక్కో కుప్ప ఉండేది. ఏరే పని చేసే ఆడవాళ్లు ఏడెనిమిది మంది ఉండేవారు, వాళ్లందరికీ తాతే గురువు. ఈ ఏరివేతను మేము చిల్లర పని అనుకునేవాళ్లం. అది ఎంత పెద్ద పనో మాకు తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

బాపు చేతికి వ్యాపారం వచ్చాక లారీలు వచ్చాయి. కాజీపేటలో రైల్వే తుక్కు వేలాలకు పోవడం, మూతపడ్డ జిన్నింగ్ మిల్లుల నుంచి యంత్రాలు కొనడం, గ్యాస్ కట్టర్లతో కోయించి హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న కొలుములకు పంపడం ఆయన పని. అయితే ఒక బాధ ఆయనను ఏళ్ల తరబడి తినేసింది. మా కాంటా మీద పది టన్నులున్న సరుకు అక్కడి కాంటా మీద తొమ్మిదిన్నర అయ్యేది. ఆపైన మట్టి ఉందని, తుప్పు ఉందని, రేకు ఎక్కువైందని ఇంకొంత కోసేవారు. లారీ గేటు లోపలికి పోయాక మన మాట చెల్లదు, సరుకు వెనక్కి తెచ్చుకుంటే కిరాయి మీద పడుతుంది. ఒక కంపెనీ వాళ్లు అయితే మూడు లారీల సరుకుకు ఏడు నెలలు డబ్బివ్వకుండా తిప్పారు. ఆ ఏడు నెలల్లో బాపు హనుమకొండ బస్టాండు నుంచి హైదరాబాద్‌కు ఎన్నిసార్లు బస్సెక్కాడో లెక్కలేదు. చివరిసారి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన రాత్రి అన్నం ముందు కూర్చుని, "మనమే కరిగించుకుంటే అయిపోతది గద నాయనా" అని తాతతో అన్నాడు. తాత ఏమీ మాట్లాడలేదు. ఆ మాట మాత్రం ఇంట్లో మిగిలిపోయింది.

కాలం కూడా కలిసొచ్చింది. అంతకుముందు ఉక్కు తయారీకి లైసెన్సు కావాలి, ధరలూ పంపిణీ ప్రభుత్వం అదుపులో ఉండేవి. 1991 జులైలో వచ్చిన కొత్త పారిశ్రామిక విధానం ఉక్కుకు లైసెన్సు నిబంధనను తొలగించింది, 1992 జనవరిలో ధరల మీద నియంత్రణ కూడా పోయింది. ఆ నిర్ణయాలు తీసుకున్న ప్రధాని పి.వి. నరసింహారావు నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టినవాడు, తాత సైకిలు మీద తిరిగిన దారుల్లోని మనిషి. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేసిందీ ఆయనే. అక్కడ ఖనిజాన్నీ కోకింగ్ బొగ్గునూ ఊదుకొలుముల్లో పోసి లక్షల టన్నుల్లో ఉక్కు తీస్తారు. మాలాంటి వాళ్లకు గనులు లేవు, రేవులు లేవు. ఉన్నదల్లా జనం వదిలేసిన ఇనుము, కరెంటు తీగ. ఈ రెండింటితో ఉక్కు తీసేదే ఇండక్షన్ కొలిమి. ఇవాళ మన దేశంలో తయారయ్యే ఉక్కులో దాదాపు మూడో వంతు ఇలాంటి కొలుముల నుంచే వస్తున్నదని చెబితే చాలామంది నమ్మరు.

మడికొండ దాటాక హైదరాబాద్ రోడ్డుకు లోపలగా రెండెకరాలు కొన్నాం. నానమ్మ బంగారం, కొట్టు కాగితాలు బ్యాంకుకు పోయాయి. ఆ ఏడాది నా బీకాం పూర్తయింది, లెక్కల పుస్తకాలు నా చేతికి వచ్చాయి. మూడు టన్నుల కొలిమి వచ్చింది. చూడటానికి అది నిలువెత్తు రాగి గొట్టపు చుట్ట. ఆ గొట్టంలో నీళ్లు తిరుగుతుంటాయి, చుట్టలో కరెంటు పారుతుంటుంది. చుట్ట లోపల తెల్లటి క్వార్ట్జ్ పొడిలో బోరిక్ ఆమ్లం కలిపి, పొర పొరకూ దిమ్మిస కొట్టి మూస కడతారు. దాన్ని ర్యామింగ్ అంటారు. మంట కనిపించదు, బొగ్గు ఉండదు. మూసలో వేసిన ఇనుము తనలో పుట్టిన వేడికి తానే కరుగుతుంది.

మొదటి హీటు, అంటే ఒక విడతకు కొలిమిలో కరిగించిన ఉక్కు, 1996 దసరా మరునాడు పోశాం. తాత పొద్దున్నే భద్రకాళి గుడికి పోయి కుంకుమ తెచ్చి కొలిమి చట్రానికి పెట్టాడు. మొదట వేసిన తుక్కు చాలాసేపు ఏమీ కానట్టే ఉండి, ఆ తరువాత అడుగు నుంచి ఎర్రబడుతూ, మెత్తబడుతూ, ఒక్కో ముక్కా కుంగిపోయింది. గొలుసు, గేరుచక్రం, తలుపు బందు అని గుర్తుపట్టగలిగిన వస్తువులు చూస్తుండగానే వాటి ఆకారాలను వదిలేసుకున్నాయి. రెండు గంటలకు మూస నిండా కళ్లు చెదిరే తెల్లటి ద్రవం నిలిచింది. ఒడిశా నుంచి వచ్చిన మెల్టర్ పొడవాటి కడ్డీతో పైన మడ్డిలా తేలిన చిట్టెం తీసి, సిలికో మాంగనీసు వేసి, వేడి 1600 డిగ్రీలు దాటిందని చూసి, చేయి ఊపాడు. కొలిమి వంగింది. ఉక్కు లాడిల్ అనే పెద్ద బొక్కెనలోకి పడుతున్నప్పుడు లేచిన రవ్వలు షెడ్డు కప్పు దాకా పోయాయి. తాత నా భుజం పట్టుకుని ఆ రవ్వల్నే చూస్తున్నాడు. "మెత్తటి ఇనుమే బిడ్డా, పువ్వు తక్కువున్నది" అన్నాడు. మరునాడు హైదరాబాద్ ల్యాబు నుంచి వచ్చిన కాగితంలో కర్బనం 0.19 శాతం అని ఉంది.

మొదటి రెండేళ్లు పెన్సిల్ ఇంగాట్లు, అంటే సన్నటి పొడవాటి ఉక్కు దిమ్మెలు, పోసి, వాటిని కడ్డీలుగా సాగదీసే రోలింగ్ మిల్లులకు అమ్మాం. అప్పుడే మాకు మరచిపోలేని దెబ్బ తగిలింది. ఒక మిల్లు నుంచి ఫోన్ వచ్చింది: మీ ఇంగాట్లు రోళ్ల మధ్య పగుళ్లిస్తున్నాయి, వచ్చి చూసుకొమ్మని. బాపుతో పాటు నేనూ పోయాను. ఎర్రగా కాలి రోళ్లలోంచి వస్తున్న కడ్డీ ఒంటి మీద చేప పొలుసుల్లాగా చిన్న చిన్న పగుళ్లు వరుసగా ఉన్నాయి. పరీక్ష చేయిస్తే రాగి ఎక్కువని తేలింది. ఉక్కులో పావు శాతం దాటి రాగి చేరితే వేడి మీద సాగదీసినప్పుడు పైపొర చిట్లుతుంది. పైగా ఒకసారి కరిగి కలిసిన రాగిని ఉక్కులోంచి మళ్లీ తీయడం ఏ కొలిమి వల్లా కాదు. రాగి ఎక్కడి నుంచి వచ్చింది? మా మోటార్ల తీగ అంతా విప్పి వేరే అమ్ముతున్నాం గదా అని బాపు తల పట్టుకున్నాడు.

దొంగను పట్టింది తాతే. కొలిమి పక్కన యార్డులోకి వచ్చి, కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, ఒక సబ్‌మెర్సిబుల్ మోటారు లోపల తిరిగే రోటారును కాలితో దొర్లించాడు. బయటికి చూస్తే ఒట్టి ఇనుప దుడ్డులాగే ఉంటుంది. దాన్ని సానకు ఆనిస్తే ఇనుప రేకుల సందుల్లో ఎర్రటి రాగి కడ్డీలు బయటపడ్డాయి. పాత కొట్టులో రోటార్లకు ఎప్పుడూ వేరే కుప్ప ఉండేది, వాటిని రాగి కోసం కొనేవాళ్లు వేరే వచ్చేవారు. కొలిమికి రోజుకు ఇరవై టన్నులు మేపాలన్న తొందరలో, ఏరేవాళ్లను తగ్గించి క్రేను అయస్కాంతంతో ఎత్తి పోస్తున్నాం. అయస్కాంతం ఇనుముతో పాటు దాని కడుపులోని రాగినీ ఎత్తుకుపోయింది. ఆ నష్టం తీరడానికి ఏడాదిన్నర పట్టింది. తాత ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. వారం రోజుల తరువాత అండర్ బ్రిడ్జి కొట్టులోని ఆడవాళ్లందరినీ ఆటోలో తీసుకొచ్చి యార్డులో దింపాడు. వాళ్ల కూలీ అప్పటి నుంచి కొలిమి మీది మనుషుల కూలీతో సమానం.

రాగి ఒక్కటే కాదు. మా మూస క్వార్ట్జ్‌తో కట్టినది గనుక అందులో భాస్వరం, గంధకం పోవు. తుక్కులో ఎంత వస్తే ఉక్కులో అంత మిగులుతుంది. ఇళ్లకు వాడే కడ్డీలకు ఉన్న ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం ఎఫ్ఇ 500 రకంలో ఆ రెండూ విడివిడిగా 0.055 శాతం మించకూడదు. బీడు ఎక్కువ పడితే కర్బనమూ భాస్వరమూ పెరుగుతాయి, జింకు పూత రేకు ఎక్కువ పడితే తెల్లటి పొగ లేచి మూస దెబ్బతింటుంది, తడి తుక్కు గాని, మూతి మూసుకున్న గొట్టం గాని పడితే ఏకంగా పేలుతుంది. ఒకసారి కోయకుండా వదిలేసిన షాక్ అబ్జార్బర్ ఒకటి అలాగే పేలి ఒక పనివాడి భుజం కాలింది. నాలుగు నెలలు మంచాన ఉన్న ఆ మనిషి ఇంటికి బాపు ప్రతి ఆదివారం పోయి వచ్చేవాడు. మూసిన గొట్టం ఏది కనిపించినా ముందు కోసి రెండు ముక్కలు చేయాలన్నది అప్పటి నుంచి మా యార్డులో మారని నియమం. స్పెక్ట్రోమీటరు తరువాత కొన్నాం. అది ఉక్కులో ఏమున్నదో అర నిమిషంలో చెబుతుంది, అయితే కొలిమిలో పడిన తరువాతనే చెబుతుంది. పడకముందు చెప్పగలిగేది ఏరే చెయ్యి ఒక్కటే. మేము ఉక్కు చేస్తున్నది కొలిమి దగ్గర కాదు, ఏరే కుప్ప దగ్గరేనని నేను గట్టిగా నమ్ముతాను. కొత్తగా చేరిన ఇంజినీర్లకు కూడా మొదటి నెల అక్కడే పని.

మంచి తుక్కు చాలనప్పుడు స్పాంజ్ ఐరన్, అంటే ఖనిజాన్ని కరిగించకుండానే బొగ్గుతో తీసిన ఇనుము, కలిపేవాళ్లం. సింగరేణి బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తీయవచ్చని పాల్వంచలోని ప్రభుత్వ కర్మాగారం 1980లోనే నిరూపించింది. 2004లో సొంత రోలింగ్ మిల్లు పెట్టాం, ఎనిమిది టన్నుల కొలిమి వచ్చింది, ఎర్రటి కడ్డీని నీటిపెట్టెలో ముంచి పైపొరను గట్టిపరిచే టీఎంటీ పద్ధతి వచ్చింది. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. పన్నెండు మిల్లీమీటర్ల కడ్డీ అయితే మీటరుకు 0.889 కిలో. ఈ లెక్కను తాతకు చెబితే ఎంతో సంతోషించి, కాంటా మీద పది కడ్డీలు పెట్టించి మరీ సరిచూసుకున్నాడు. 2012లో పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు కరెంటు ఆపేసిన పవర్ హాలిడేల కాలం గురించి ఎక్కువ రాయలేను. కరెంటు పోతే కొలిమిలో ఉక్కు గడ్డకడుతుంది, చల్లబడిన మూస పగులుతుంది. ఆ ఏడాది మేము పోసిన ఉక్కు కంటే కట్టిన మూసలే ఎక్కువని మా మేస్త్రీలు ఇప్పటికీ అంటారు.

2006లో తాతను నిజామాబాద్ జిల్లా కోనసముద్రం తీసుకుపోయాను. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు ఒకప్పుడు మన ఉత్తర తెలంగాణలోని అలాంటి ఊళ్లలోనే మట్టి మూసల్లో తయారయ్యేది. 1820లలో అక్కడికి వచ్చిన వాయిసీ అనే దొర రాసిపెట్టిన సంగతులను కారులో ఆయనకు చెబుతూ పోయాను. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వ్యాపారి ఒకడు ఆ ఊళ్లో మకాం పెట్టి, రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును పాళ్లు తప్పకుండా దగ్గరుండి తూకం వేయించి కలిపించేవాడని చెప్పినప్పుడు, తాత కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగాడు. "అంటే ఆయన గుడ ఏరుకునే పనే చేసిండు" అన్నాడు. ఊరి పక్కన చేలగట్ల మీద ఇంకా చిట్టెపు ముక్కలు, మూసల పెంకులు దొరుకుతాయి. తాత ఒక చిట్టెపు ముక్కను అరచేతిలో ఎత్తి, కాసేపు బరువు చూసి, "దీంట్ల ఇంక ఇనుమున్నది" అని జాగ్రత్తగా దొరికిన చోటే పెట్టేశాడు. తూకం వేసి కొననిది ఆయన ఇంటికి తెచ్చుకోడు.

2008లో ఆయన పోయాడు. అప్పటికి మూడేళ్ల కిందట అండర్ బ్రిడ్జి దగ్గరి పాత ఇంటి మీద ఒక అంతస్తు వేయించుకున్నాడు. మా మిల్లు తీసిన తొలి కడ్డీలే ఆ స్లాబులోకి పోయాయి. మొన్న 2022లో ఇరుకైపోయిన ఆ ఇంటిని విప్పించక తప్పలేదు. కూల్చేవాళ్లు స్లాబు పగలగొట్టి, వంకరలు తిరిగిన కడ్డీలను ట్రాక్టరులో వేసి యార్డుకు తెచ్చారు. ఏరే చోట నిలబడి ఉన్న నేను ఒక ముక్కను తీసి కాంక్రీటు రాలగొట్టి చూశాను. కడ్డీ మీద మా గుర్తు చెదరలేదు. లోపల ఎక్కడా తుప్పు లేదు. మాతో పాటు పాత కొట్టు నుంచి వచ్చినవాళ్లలో మిగిలిన పెద్దావిడ వచ్చి, "ఇది మనింటిదే గదమ్మా, ఏ కుప్పల ఎయ్యాలె?" అని అడిగింది. మెత్తటి ఇనుము కుప్పలోనే వేయమన్నాను, ముందు కాంటా మీద పెట్టించి. 1,340 కిలోలు తూగింది. ఆ రోజు ధర కిలోకు నలభై చొప్పున 53,600 రూపాయలను కవరులో పెట్టుకుని సాయంత్రం బాపు దగ్గరికి పోయాను. ఇల్లు ఆయన పేరు మీద ఉంది. కళ్లజోడు పెట్టుకుని ఆయన నోట్లన్నీ ఒకసారి లెక్కపెట్టాడు, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు, ఆ తరువాత చిట్టా ఇటు ఇమ్మని చేయి చాచి, తన పేరు ఎదురుగా సంతకం చేశాడు.